నిరుద్యోగ భృతి – పాక్షిక ఉపాధి: ఒక పరిశీలన

2024 నవంబరు మాసములో తెలంగాణ రాష్ట్రమంతటా ఇంటింటి కుటుంబ సర్వే జరిగినది. గణకులు మా వీధికి రానున్నారని తెలిసిన సాయంకాలము, మన కళాశాలలో డిగ్రీ పూర్తి చేసి మూడేండ్లయిన ఒక యువకుడు మా యింటికి వచ్చినాడు. పేరు చెప్పను; గూడూరులో అటువంటివారు పలువురున్నారు. అతడు ఉదయము రెండు గంటలు పిల్లలకు ట్యూషను చెప్పును. మధ్యాహ్నము మేనమామ ఆటోను నర్సంపేట దారిలో నడుపును. మిగిలిన కాలమును గ్రూప్ పరీక్షల పుస్తకములతో గడుపును. సర్వే పత్రములో వృత్తి అన్న గడికి ఏమి చెప్పవలెనో అతనికి తోచలేదు.

"సార్, ఆటో అని రాపిస్తే, రేపు నిరుద్యోగ భృతి ఇస్తే నా పేరు కొట్టేస్తరా?" అని అడిగినాడు.

నేను తెలుగు పాఠము చెప్పువాడనే గాని అర్థశాస్త్రము చదివినవాడను కాను. ఆ రాత్రి అతనికి సూటియైన సమాధానము చెప్పలేకపోయినాను. తరువాత మన చట్టములను, ఇతర దేశముల నియమములను కొంత చదివితిని. అందు తెలిసిన సంగతులను విద్యార్థుల ముందుంచుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. ప్రశ్న చిన్నదే: భృతి పుచ్చుకొనువాడు కొద్దిపాటి పని చేసికొనవచ్చునా? చేసికొన్నచో భృతి అంతయు పోవలెనా?

ముందుగా మాటల సంగతి. నా వృత్తి అటువంటిది కనుక అక్కడనే మొదలుపెట్టుచున్నాను. సంస్కృతమున ఉద్యోగమనగా ప్రయత్నము, పూనిక. భారతములోని ఉద్యోగపర్వము ఎవరి కొలువును గూర్చియు చెప్పదు. యుద్ధమునకు ముందు ఇరుపక్షములవారు చేసిన సన్నాహమును చెప్పును. ఆ అర్థమున నిరుద్యోగి అనగా ప్రయత్నము లేనివాడు. మన వ్యవహారములో ఆ మాట నెలజీతపు కొలువునకు పరిమితమైనందున, తెల్లవారకముందే లేచి మూడు చోట్ల పనిచేసి వచ్చువాడు కూడ నిరుద్యోగియే అగుచున్నాడు. భృతి అన్న మాట కథ మరింత విచిత్రమైనది. కూలి, జీతము అన్నవి దాని పాత అర్థములు. భృతికి పనిచేయువాడే భృత్యుడు. కావున నిరుద్యోగ భృతి అన్నచో పని లేనందుకు ఇచ్చు కూలి అని అర్థము వచ్చును. ఉర్దూ విభాగపు మిత్రులు బేరోజ్‌గార్ అంటారు. రోజ్ అనగా దినము. రోజ్‌గార్ అనగా ఉర్దూలో జీవనోపాధి. దినము గడుచు మార్గము సరిగా లేనివాడు బేరోజ్‌గార్ అనుకొన్నచో, మన ఊరి స్థితికి ఈ మాటయే దగ్గరగా నున్నది.

2016 అక్టోబరు వరకు వరంగల్ జిల్లాలో ఉండి, అటుపిమ్మట మహబూబాబాద్ జిల్లాలో చేరిన మన గూడూరు మండలము పత్తి, మిర్చి, మొక్కజొన్న, వరి పండు నేల. పని కాలముతో వచ్చి కాలముతో పోవును. పత్తి ఏరు దినములలో, మిర్చి ఏరు దినములలో కూలి మనుషులు దొరకరు. ఎండలు ముదిరిన తరువాత మనుషులకు పని దొరకదు. డిగ్రీ చదివిన పిల్లవాడు సైతము ఇంటివారితో కలిసి చేనికి పోవును. పోయిన సంగతి బయట చెప్పుకొనుటకు సిగ్గుపడును. మన విద్యార్థినుల స్థితి మరొక విధమైనది. ఇంటనే కుట్టుమిషను పెట్టుకొని జాకెట్టులు, కుర్తాలు కుట్టు అమ్మాయిని ఎవరును ఉద్యోగిని అనరు. నిరుద్యోగుల లెక్కలోను ఆమెను వ్రాయరు. ఆమె చేతి పని వలన ఆ యింటికి ఎంత వచ్చుచున్నదో ఏ పత్రములోను గడి లేదు. పని ఉన్నవాడు, పని లేనివాడు అను రెండు గదులలో ఇచ్చటి మనుషులను ఇముడ్చుట కష్టము. చట్టము మాత్రము చాలా కాలము ఆ రెండు గదులనే ఎరిగియున్నది.

మా యువకుని భయము ఊరకనే పుట్టినది కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2018 అక్టోబరు 2వ తేదీన ముఖ్యమంత్రి యువనేస్తం అను పథకమును ప్రారంభించి, 22 నుండి 35 ఏండ్ల వయసుగల చదువుకొన్న నిరుద్యోగులకు నెలకు 1,000 రూపాయలు ఇచ్చినది. 2019లో దానిని 2,000 రూపాయలు చేసినారు. ఆ యేడే ప్రభుత్వము మారిన పిమ్మట పథకము నిలిచిపోయినది. తెలంగాణలో 2018 ఎన్నికలప్పుడు నెలకు 3,016 రూపాయల వాగ్దానము వినబడినది. 2019 ఫిబ్రవరి బడ్జెట్టులో అందుకొరకు 1,810 కోట్ల రూపాయలు చూపినారు గాని చెల్లింపు మొదలుకాలేదు. 2023లో 4,000 రూపాయల వాగ్దానము వచ్చినది. వీటి రాజకీయము కళాశాల సంచికకు తగినది కాదు, కనుక విడిచిపెట్టుచున్నాను. నేను గమనించినది వేరొకటి. డబ్బు రాకపోయినను నియమము మాత్రము యువకుల మనస్సులోనికి వచ్చి కూర్చున్నది. భృతి కావలెనన్నచో పని దాచవలెనని వారు ముందుగానే నేర్చుకొన్నారు.

ఇటువంటి నియమము మన దేశములో కొత్తది కాదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు 1953లో ఒక అధ్యాయము చేర్చినారు. కర్మాగారములో ముడిసరుకు లేకనో, బొగ్గు, కరెంటు లేకనో తాత్కాలికముగా పని ఆపి కార్మికుని ఇంటికి పంపుటను లే-ఆఫ్ అంటారు. అట్టి దినములకు అతనికి మూలవేతనము, కరవు భత్యము కలిసిన మొత్తములో సగము చెల్లించవలెనని ఆ అధ్యాయము చెప్పినది. ఈ ఏర్పాటు మేలైనదే. అయితే ఒక షరతు ఉండినది. ఆ కార్మికుడు పని లేకున్నను ప్రతిదినము నిర్ణీత సమయమునకు కనీసము ఒకసారి కర్మాగారము వద్ద హాజరు కావలెను. లేనిచో ఆ సగమును పోవును. యజమాని ఐదు మైళ్ళ లోపల తన మరొక కర్మాగారములో తగిన పని చూపిన కాదనరాదు. యజమాని పక్షమున ఆలోచించిన ఈ షరతులలో న్యాయము కలదు. కాని సగము జీతముతో ఇల్లు నడుపవలసిన మనిషి గేటు దగ్గర మొగము చూపుటకు రోజును చీల్చుకొన్న తరువాత, మిగిలిన సగము జీతమును ఎక్కడ సంపాదించవలెను? ఆ చట్టము స్థానమున 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతి 2025 నవంబరులో అమలునకు వచ్చినది. సగము అను సూత్రము అందును నిలిచియున్నది.

మన గ్రామములకు మరింత దగ్గరిది 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము. ఆ పథకము 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనది. తొలి విడతలోని 200 జిల్లాలలో అప్పటి మన వరంగల్ జిల్లా కూడ ఉన్నది. ఇంటికి ఏడాదికి 100 దినముల పని అన్నది అందరికి తెలిసినదే. ఆ చట్టము ఏడవ సెక్షనును మాత్రము ఊళ్ళో చాలమంది ఎరుగరు. పని అడిగిన 15 దినములలో పని చూపనిచో, మొదటి 30 దినములకు వేతనములో పావు వంతునకు తగ్గకుండ, ఆ పైన ఆర్థిక సంవత్సరములో మిగిలిన కాలమునకు సగమునకు తగ్గకుండ నిరుద్యోగ భృతి ఇవ్వవలెనని అందున్నది. నిరుద్యోగ భృతి మన గ్రామీణ కూలికి చట్టబద్ధమైన హక్కు అయినది అప్పుడే.

ఆ భృతి ఎప్పుడు ఆగిపోవలెనో కూడ చట్టము చెప్పినది. పనికి రమ్మని చెప్పినప్పుడు, పని కోరిన గడువు ముగిసినప్పుడు, ఆ యింటివారికి 100 దినముల పని పూర్తియైనప్పుడు, లేక వేతనము, భృతి రెండును కలిసి 100 దినముల కూలికి సమానమైనప్పుడు అది ఆగును. ఈ నాలుగవ షరతును నేను రెండుమూడు మారులు చదివితిని. పనిని, భృతిని ఒకదానికొకటి శత్రువులుగా నిలుపక, రెండింటిని ఒకే లెక్కలో కలిపి ఒక హద్దు గీసినారు. కొన్ని దినములు పని, కొన్ని దినములు భృతి పొందుటలో తప్పేమియు లేదు. పొరుగు రైతు చేనిలో ఒక పూట మిర్చి ఏరినచో భృతి పోవునన్న మాట ఆ షరతులలో లేదు. చూపిన పనికి 15 దినములలో రాకపోవుట వంటివి మాత్రమే మూడు నెలల అనర్హతకు కారణములు.

మొత్తము ఎంతయో చూడుడు. 2025–26 సంవత్సరమునకు తెలంగాణలో నిర్ణయించిన దినవేతనము 307 రూపాయలు. అందులో పావు వంతు 77 రూపాయలకు కొంచెము తక్కువ. ఆ డబ్బుతో నలుగురున్న ఇల్లు ఒక దినము గడువదు. కావున చిన్న పని చేసికొనరాదనుట, ఆకలితో ఉండుమనుటయే అగును. ఈ భృతి పొందుటకు మొదటి మెట్టు, తేదీ వేసిన రసీదు. నోటిమాటగా పని అడిగినవానికి 15 దినముల లెక్క ఎప్పటినుండి మొదలైనదో చూపుటకు ఆధారముండదు. చదువుకొన్న పిల్లలు తమ తలిదండ్రులకు చేయగల సహాయములలో ఒక దరఖాస్తు వ్రాసి రసీదు తెచ్చుట ఒకటి. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టము స్థానమున 125 దినముల హామీతో వేరొక చట్టమును ఆమోదించినది. పేరు మారినను రసీదు విలువ మారదు.

ఇక ఇతర దేశముల సంగతి. నిరుద్యోగ బీమాను దేశవ్యాప్తముగా నిర్బంధ చందాతో మొదట ఏర్పరచినది బ్రిటన్. 1911 చట్టము క్రింద కొన్ని పరిశ్రమల కార్మికులకు వారమునకు ఏడు షిల్లింగులు, ఏడాదిలో గరిష్ఠముగా 15 వారములు ఇచ్చినారు. 1930ల ఆర్థిక మాంద్యములో బీమా గడువు తీరినవారికి కుటుంబ ఆదాయ పరీక్ష వచ్చినది. అధికారి ఇంటికి వచ్చి కొడుకు సంపాదనను, కూతురి సంపాదనను లెక్కించి తండ్రి భృతి తగ్గించెడివాడు. సంపాదించు పిల్లలు ఇల్లు విడిచి వేరొక చోట ఉండుటకు అది కారణమైనదని ఆ కాలపు చరిత్ర చెప్పును. ఉమ్మడిగా బ్రతుకు మన కుటుంబములకు ఈ పాఠము అవసరము. తెల్ల రేషన్ కార్డును చూచి, అన్న ఆదాయమును చూచి తమ్ముని అర్హతను నిర్ణయించునప్పుడు అదే చిక్కు వచ్చును.

అమెరికాలో మన తెలుగువారు అధికముగా ఉన్నారు గనుక అచ్చటి ఉదాహరణ ఒకటి చెప్పుదును. ఆ దేశములో భృతి నియమములు రాష్ట్రమునకొక తీరుగా ఉండును. న్యూయార్క్ రాష్ట్రములో 2021 జనవరి వరకు దినముల లెక్క నడిచినది. భృతి పుచ్చుకొనువాడు వారములో ఒక దినము, అది ఒక్క గంటయే కానిండు, పనిచేసినచో ఆ వారపు భృతిలో నాల్గవ వంతు పోయెడిది. నాలుగు దినములు దినమునకొక గంట పనిచేసిన మొత్తము పోయెడిది. నాలుగు గంటల కూలికి వారము భృతిని పోగొట్టుకొనువాడెవడు? కావున మనుషులు చిన్న పనులను వదలుకొన్నారు, లేక చెప్పక దాచినారు. 2021లో దినముల లెక్క మార్చి గంటల లెక్క పెట్టినారు. ఆ యేడు ఆగస్టు నాటికి వారములో 10 గంటల వరకు పనిచేసిన భృతి తగ్గదని, 11 నుండి 16 గంటలకు నాల్గవ వంతు, 17 నుండి 21 గంటలకు సగము, 22 నుండి 30 గంటలకు ముప్పాతిక తగ్గునని నిర్ణయించినారు. సంపాదన ఒక మితిని దాటరాదన్న షరతు వేరుగా ఉన్నది. అదే రాష్ట్రము, అదే జనము. లెక్కించు పద్ధతి మాత్రమే మారినది. జర్మనీలో వారమునకు 15 గంటలకు లోబడిన పనిని అనుమతించి, నెలకు 165 యూరోల సంపాదనను లెక్కలోనికి తీసికొనరు. ఆ పైది భృతినుండి తగ్గింతురు.

(హెచ్-1బి వీసాపై అమెరికాకు పోయిన మనవారికి ఈ సౌకర్యము సాధారణముగా అందదు. ఉద్యోగము పోయిన పిమ్మట వారికి గరిష్ఠముగా 60 దినముల గడువుండును. ఆ లోపల వేరొక యజమాని దొరకవలెను. పెట్రోలు బంకులో నాలుగు గంటలు పనిచేసి గడుపుకొందుమన్నను చట్టము ఒప్పదు. అమెరికా ప్రయాణమునకు అప్పు చేయుచున్న కుటుంబములు ఈ సంగతి ముందే తెలిసికొనుట మంచిది.)

లెక్కను మన రూపాయలలో చూచిన విషయము స్పష్టపడును. నెలకు 3,000 రూపాయల భృతి ఉన్నదనుకొందము. మా యువకునికి ట్యూషను వలన 1,200 రూపాయలు వచ్చుచున్నవి. పని ఉన్నచో భృతి లేదన్న నియమములో అతడు నిజము చెప్పిన 1,200 రూపాయలతో మిగులును. ట్యూషను మానిన 3,000 రూపాయలు వచ్చును. అనగా పనిచేసినందుకు 1,800 రూపాయల జరిమానా. సంపాదించిన ప్రతి రూపాయిని భృతినుండి తగ్గించు నియమములో పనిచేసినను 3,000, చేయకున్నను 3,000. ట్యూషను చెప్పిన శ్రమకు ఫలము లేదు. మొదటి 1,000 రూపాయలను విడిచి, ఆ పైదానిలో సగము మాత్రము తగ్గించు నియమమున్నదనుకొందము. అప్పుడు 200 రూపాయలలో సగము, అనగా 100 రూపాయలు తగ్గి, భృతి 2,900, ట్యూషను 1,200, మొత్తము 4,100 రూపాయలు వచ్చును. ప్రభుత్వమునకు 100 రూపాయలు మిగిలినవి, యువకునికి 1,100 రూపాయలు పెరిగినవి, పది మంది పిల్లలకు చదువు ఆగలేదు. అతనికి దాచవలసిన అవసరమును లేదు. నేను మూడవ నియమము పక్షముననే ఉన్నాను.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు, అది బలమైనదే. చిన్న పనికి భృతి తోడగునన్నచో యజమాని కూలి తగ్గింపడా? "నీకు సర్కారు ఇచ్చుచున్నది గదా, నేను తక్కువ ఇచ్చిన నేమి" అనడా? ఇంగ్లండులో 1795లో బెర్క్‌షైర్ ప్రాంతపు న్యాయాధికారులు స్పీనమ్‌లాండ్ అనుచోట సమావేశమై, రొట్టె ధరను బట్టి, కుటుంబములోని మనుషుల సంఖ్యను బట్టి కూలివారి ఆదాయమునకు లోటు పూడ్చు ఏర్పాటు చేసినారు. ఆ ఏర్పాటు కూలిని క్రుంగదీసినదను విమర్శ బలపడి, 1834లో కొత్త పేదల చట్టము వచ్చినది. ఆ విమర్శ ఎంతవరకు సత్యమో చరిత్రకారులు తరువాత వాదులాడుకొన్నారు. మన ప్రాంతములో ప్రైవేటు బడులు డిగ్రీ చదివినవారికి ఇచ్చు జీతములను చూచిన నాకు ఈ భయము వట్టిదని అనిపించదు. అయితే దీనికి మందు కనీస వేతనమును అమలు జరుపుటలో ఉన్నది. భృతి పొందువాని చేతులు కట్టివేయుటలో లేదు. కనీస వేతనముల చట్టము 1948లోనే వచ్చినది; అడుగువారు లేకపోయినారు.

మరొక ఆక్షేపణ నీతికి సంబంధించినది: చేతనైనంత సంపాదించుకొనువాడు సహాయమునకు పాత్రుడా? ఈ ప్రశ్నకు మన విద్యార్థులలో చాలమందికి ఇంటనే సమాధానము కలదు. జకాతు పొందదగినవారిలో ఫకీరు, మిస్కీను అని ఇద్దరిని వేరువేరుగా చెప్పినారు. ఈ ఇద్దరి భేదమును చర్చించుచు షాఫయీ ధర్మవేత్తలు ఖురాను పదునెనిమిదవ అధ్యాయములోని పడవ వృత్తాంతమును చూపినారు. ఆ పడవవారు సముద్రముమీద పనిచేయుచున్నవారు, పడవ గలవారు. అయినను వారిని మిస్కీనులనియే అన్నారు. పని ఉండి, పనిముట్టు ఉండి, చాలనివాడు కూడ పాత్రుడేనని వారి భావము. ఆటో ఉన్నది గనుక నీవు పేదవు కావు అను గుమాస్తా కంటె ఆ పండితుల చూపు సూక్ష్మమైనది. హైదరాబాదులోనో వరంగల్లులోనో కూర్చుండి దరఖాస్తు పత్రము తయారుచేయువారికి ఈ చూపు అలవడవలెనని నా కోరిక.

మా యువకుని దగ్గరకు మరల వచ్చెదను. ఆ రాత్రి నేను అతనికి చెప్పగలిగినదల్లా ఇంతే: సర్వే భృతి దరఖాస్తు కాదు, అబద్ధము వ్రాయించిన అది నీ పేరనే ఉండిపోవును. అతడు తల ఊపి వెళ్ళినాడు. మరునాడు గణకురాలు వచ్చినప్పుడు నేను వారి గుమ్మము దగ్గరనే ఉంటిని. వృత్తి ఏమని ఆమె అడిగినది. అతడు ఒకసారి నా వైపు చూచి, "ట్యూషన్ చెప్త మేడం, ఆటో కూడ నడుపుత" అన్నాడు. గడిలో ఒక వృత్తికే చోటున్నదని ఆమె అన్నది. లోపలినుండి అతని తల్లి, "ఏదన్న ఒకటి రాయమను బేటా, బండి బయటనే ఉన్నది గదా" అన్నది. ఆమె ఆటో డ్రైవరు అని వ్రాసికొని ప్రక్క యింటికి వెళ్ళినది.